నాయనమ్మ పట్టుచీర మళ్లీ కట్టాలంటే

కడితే పాడైపోతుందని పాత పట్టుచీరని బీరువాలో పెట్టి తాళం వేస్తాం. మా ఇంట్లో అలా తాళం వేసిన చీరే ముందు పోయింది. నాయనమ్మ పెళ్లినాటిది, వంకాయరంగు, బెత్తెడు సరిగంచు. దాదాపు 15 ఏళ్లు ఒకే మడతలో, మీద ఇంకో పది చీరల బరువుతో అలాగే ఉండిపోయింది. చెల్లి పెళ్లికి కడదామని తీసి విప్పితే, మడతపడిన ప్రతిచోటా గీత గీసినట్టు పిగిలింది, మడత లేని చోట మాత్రం పట్టు గట్టిగానే ఉంది. ఏడుపొచ్చింది. ఏడాదికి రెండుసార్లు తీసి మడత మార్చి ఉంటే ఆ చీర ఇవాళ నా ఒంటి మీద ఉండేది. అప్పట్నుంచి పాత చీరలు వెతకడం, కట్టడం, చూసుకోవడం కొద్దికొద్దిగా నేర్చుకున్నాను, అవే రాస్తున్నా.

వెతకడం ఇంటి నుంచే మొదలుపెట్టండి. అమ్మ, పెద్దమ్మ, మేనత్త, ఊళ్లో ఉన్న అమ్మమ్మ, అందరినీ అడగండి. అయితే "పాత చీరలేమైనా ఉన్నాయా" అని అడిగితే "ఎక్కడివే, ఎప్పుడో ఇచ్చేశాం" అంటారు. "అత్తా, నీ పెళ్లికి ఏ చీర కట్టారు, అది ఇప్పుడెక్కడుంది?" అనండి, అటక మీది ట్రంకుపెట్టె కిందికి దిగుతుంది. చీరతో పాటు దాని కథ కూడా వస్తుంది, అది అక్కడికక్కడే కాగితం మీద రాసుకోండి: ఎవరిది, ఏ పెళ్లిలో పెట్టింది, ఎక్కడ కొన్నారు. మా అత్తయ్యల్లో ఇద్దరు పోయాక వాళ్ల చీరలు మిగిలాయి గానీ ఏది ఎవరిదో చెప్పేవాళ్లు లేరు.

ఇంకో మాట, ఇది బతిమాలి చెప్తున్నా. "పాత పట్టుచీరలు కొంటాం" అని వీధిలో అరుస్తూ వచ్చేవాళ్లకి, స్టీలు సామాన్లకి మార్చేవాళ్లకి ఇచ్చేముందు ఇంట్లో పిల్లల్ని ఒక్కసారి అడగండి. చాలాసార్లు ఆ కొనేవాళ్లకి కావాల్సింది చీర కాదు, జరీలోని వెండి. అంచు, కొంగు కాల్చి వెండి తీసుకుంటారు, మిగతా చీర ఏమవుతుందో ఎవరికీ పట్టదు. అసలు జరీ అంటే పట్టుదారం చుట్టూ సన్నటి వెండి తీగ చుట్టి దానికి బంగారు పూత పూసింది, అందుకే ఆ గిరాకీ. ఒక గిన్నెకో కుక్కర్‌కో పోయే వస్తువు కాదది.

బయట కొనాలనుకుంటే ఓపిక కావాలి. హైదరాబాద్‌లో గురువారం జుమ్మేరాత్ బజార్, ఆదివారం ఎర్రగడ్డ సంత ఉన్నాయి గానీ అక్కడ ఎక్కువగా దొరికేవి మామూలు పాత బట్టలు, పాత పట్టు తగలడం అదృష్టం. ఇంటింటికీ తిరిగి గిన్నెలకి బట్టలు మార్చే గుజరాతీ వాఘ్రీ ఆడవాళ్ల సరుకు పెద్ద ఎత్తున చేరే చోటు ఢిల్లీలో రఘువీర్ నగర్ మార్కెట్, తెల్లారకముందే బేరాలు మొదలవుతాయి. ఇన్‌స్టాలో వాడిన చీరలు అమ్మే పేజీలు కూడా చాలా వచ్చాయి. వాళ్లని ఫొటోలు కాదు, వీడియో అడగండి, చీరని కిటికీకి అడ్డంగా పట్టుకుని కొంగు నుంచి చివరిదాకా నెమ్మదిగా చూపించమనండి. వెలుతురు కనిపించే ప్రతి చుక్కా ఒక చిల్లే. అలా చూపించనంటే ఆ చీర వదిలేయండి, ఎంత ముద్దొచ్చినా సరే.

చేతికొచ్చాక పగటి వెలుతురులోనే చూడండి, ట్యూబులైటు కింద కాదు. మడత గీత మీద రెండు బొటనవేళ్లు దగ్గరగా పెట్టి మెల్లగా అటూ ఇటూ లాగండి, ఒకసారి పడుగు (నిలువు పోగుల) వైపు, ఒకసారి పేక (అడ్డ పోగుల) వైపు. పోగులు జరిగి మళ్లీ దగ్గరకొస్తే పర్వాలేదు. చిటుక్కుమన్న చప్పుడొచ్చినా, పొడిలా రాలినా అది కట్టే చీర కాదు, దాచుకునే చీర. నడుము దగ్గర దోపుకునే భాగం, కూర్చునేచోటు, భుజం మీద పిన్ను గుచ్చేచోటు ముందు అరుగుతాయి, అక్కడ తప్పకుండా చూడండి. తర్వాత వాసన. బూజు వాసన గాలికి పెడితే చాలావరకు పోతుంది, చెమట మరక పసుపుపచ్చగా మారి గట్టిపడితే మాత్రం పోదు, ఆ చోట పట్టు కూడా బలహీనమై ఉంటుంది. చీరాల, పుట్టపాక వైపు నేసిన తేలియా రుమాలు అనే ఇక్కత్ నూలుబట్ట పాతది దొరికి అందులో నూనె వాసన ఉంటే కంగారు పడకండి, ఆ నూలుని నూనెలో నానబెట్టే రంగు వేస్తారు, పేరు కూడా దాని వల్లే వచ్చింది, హిందీలో తేల్ అంటే నూనె.

జరీ సంగతి తెలియాలంటే వెనకవైపు వేలాడే పోగు ఒకటి తీసుకుని గోటితో గీకండి. లోపల ఎర్రటి పట్టుదారం కనిపిస్తే సాధారణంగా అసలు జరీ. రాగిరంగు తీగ బయటపడితే అది టెస్టెడ్ జరీ, అంటే రాగి మీద వెండి పూత. కాల్చినప్పుడు ముడుచుకుని ముద్దయితే ప్లాస్టిక్. జరీ లేని చీర ఒంటి నుంచి తీసిన పోగు కూడా ఇలాగే కాల్చి చూడొచ్చు: వెంట్రుకలు కాలిన వాసన వచ్చి, నలిపితే పొడైపోయే బూడిద మిగిలితే పట్టు, కాగితం కాలిన వాసనైతే ఆర్ట్ సిల్క్ (కృత్రిమ పట్టు), గట్టి ఉండ కడితే పాలిస్టర్. ఒక్క పోగు చాలు, చీర దగ్గర అగ్గిపుల్ల గీయకండి, బయటికి తీసుకెళ్లి కాల్చండి.

ఏ కాలందో కచ్చితంగా చెప్పడం కష్టం, కానీ కొన్ని గుర్తులుంటాయి. పెట్టెలో బిల్లు దొరికి, లెక్క అణాల్లో ఉంటే దాదాపుగా 1957కి ముందుది, ఆ ఏడాది ఏప్రిల్‌లోనే నయాపైసలు వచ్చాయి. ఆప్కో ముద్ర ఉంటే 1976 తర్వాతది. "1970ల నాటి చీర" అని అమ్ముతూ అసలు పట్టు అని చెప్పే సిల్క్ మార్క్ చీటీ చూపిస్తే నమ్మకండి, ఆ గుర్తు మొదలైందే 2004లో. పాత చీరల్లో చాలావాటికి జాకెట్టు ముక్క కలిసి రాదు, పన్నా (వెడల్పు) కూడా తక్కువ ఉంటుంది, 44, 45 అంగుళాలు. ఇప్పటి చీరలు 47, 48 దాకా వస్తాయి.

ఆ పన్నా వల్లే చాలామంది "ఇది నాకు పొట్టి" అని పక్కన పెట్టేస్తారు. పెట్టొద్దు. దోపుకునే అంచుకి లోపలివైపు నాలుగంగుళాల మెత్తటి నూలుబట్ట అతికించి కుట్టిస్తే ఆ బట్ట లంగాలోకి పోతుంది, బయటికి కనపడదు, చీర పాదాల దాకా దిగుతుంది. పైగా నడుము దగ్గర లాగుడంతా ఆ కొత్త బట్ట మీద పడుతుంది, పాత పట్టు మీద కాదు. నేను పొడవు సరిపోయిన చీరలకి కూడా ఇదే చేయిస్తున్నా. పాత ఫాల్ ఉంటే విప్పేయించండి, ఉతికినప్పుడు అది కుదించుకుపోయి అంచుని ముడతలు పెట్టేస్తుంది. కొత్త ఫాల్ వేసేముందు దాన్ని ఒకసారి నీళ్లలో నానబెట్టి ఆరబెట్టండి, కుట్టు కూడా మిషన్‌తో వద్దు, చేతికుట్టు వేయమనండి.

కట్టుకునే రోజు గాజులు, వాచీ, గోళ్లు ముందు చూసుకోండి, పోగు లాగేవి అవే. సెంటు, డియోడరెంటు కొట్టుకుని అది పూర్తిగా ఆరాకే చీర ముట్టుకోండి, జరీ మీద పడితే నల్లబడుతుంది. పిన్నులు తక్కువ, అవి కూడా తుప్పు లేనివి. భుజం దగ్గర గుచ్చేటప్పుడు చీరకి, పిన్నుకి మధ్య చిన్న బట్టముక్క పెట్టండి, లాగినా చిరగదు. కొంగు బలహీనంగా ఉంటే మడతలు పెట్టి బిగించకుండా ఒంటిపొరగా వదిలేయండి. కుచ్చిళ్ల దగ్గర అరిగితే చీరని తిరగేసి కట్టి చూడండి, కొంగు లోపలికి పోయి, దోపుకునే కొస భుజం మీదికి వస్తుంది, కొన్ని చీరలకి అది చాలా బాగుంటుంది. పాత జాకెట్టు పట్టకపోతే బలవంతంగా కుట్లు విప్పకండి, నూలు జాకెట్టు వేసుకోండి. గద్వాల, వెంకటగిరి లాంటివాటికి తెల్ల నూలు జాకెట్టు కంటే అందమైనది నేను చూడలేదు. భోజనాల దగ్గర కూర్చునేముందు ఒళ్లో తువ్వాలు పరుచుకోవడానికి మొహమాటపడకండి.

ఇంటికి రాగానే మడతపెట్టేయడం అందరం చేసే తప్పు. చెమట పట్టులో ఉండిపోతే ఆ ఉప్పే దాన్ని తినేస్తుంది. నీడలో, గాలి తగిలేచోట, దండెం మీద ముందు ఒక దుప్పటి వేసి దాని మీద చీర పరవండి, రాత్రంతా ఉండనివ్వండి. ఎండలో వద్దు, రంగు పోతుంది. ప్రతిసారీ డ్రైక్లీనింగ్‌కి ఇవ్వక్కర్లేదు, మరక లేకపోతే గాలి చాలు.

ఉతకాల్సివస్తే రంగు పరీక్ష చేయకుండా నీళ్లలో ముంచకండి. తడిపిన తెల్ల నూలుగుడ్డని చీర లోపలి మూల మీద ఒక నిమిషం అదిమి పట్టుకోండి. రంగు అంటితే నీళ్లు వద్దు, డ్రైక్లీనింగే. అంటకపోతే, జరీ తక్కువున్న గట్టి చీరనైతే చల్లని నీళ్లలో కొంచెం కుంకుడుకాయ రసం కలిపి రెండు మూడు నిమిషాలు జాడించి తీసేయండి, నానబెట్టొద్దు, పిండొద్దు, తువ్వాల్లో చుట్టి తడి లాగనివ్వండి. డిటర్జెంటు పొడి పట్టుకి పడదు, క్షారం దాన్ని కొరికేస్తుంది. గద్వాల చీరతో ఇంకా జాగ్రత్త. ఒళ్లు నూలు, అంచూ కొంగూ పట్టు, పోగులు మెలేసి మగ్గం మీదే కలిపే ఆ అతుకుని కుట్టు అంటారు. తడిస్తే నూలు ఒకలా, పట్టు ఒకలా కుదించుకుపోయి ఆ కుట్టు దగ్గర ముడుచుకుపోతుంది. పాతదైతే నీళ్ల జోలికే పోకండి.

డ్రైక్లీనింగ్‌కి ఇచ్చేటప్పుడు నోటితో చెప్పి ఊరుకోకండి, చీటీ మీద రాయించండి: పాత పట్టు, రోలింగ్ వద్దు, గంజి వద్దు. మా ఊళ్లో ఒక షాపులో చెప్పకుండా వదిలేస్తే రోలర్లలో వేసి బిగించి, గంజి పట్టించి అట్టలా ఇచ్చారు, వారం తర్వాత మడత దగ్గర చిట్లింది. ఇంట్లో ఇస్త్రీ చేస్తే తిరగేసి, పైన పల్చటి నూలుబట్ట పరిచి, తక్కువ వేడి మీద చేయండి. నీళ్లు చిలకరించకండి, పట్టు మీద చుక్క మరకలు పడతాయి.

దాచే పద్ధతిలో ఎక్కువమంది పొరపడేది రెండింటి దగ్గర, న్యూస్‌పేపర్, ప్లాస్టిక్ కవరు. బీరువా అరలో న్యూస్‌పేపర్ పరవడం మనకి పుట్టుకతో వచ్చిన అలవాటు, కానీ దాని సిరా అంటుకుంటుంది, కాగితం పసుపెక్కేకొద్దీ అందులోని ఆమ్లం బట్టకి చేరుతుంది. ప్లాస్టిక్‌లో చెమ్మ బయటికి పోదు, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో ఒక్క వానాకాలం చాలు బూజు పట్టడానికి. ఉతికి ఉతికి మెత్తబడిన పాత పంచె ఉంటే అంతకన్నా మంచి బట్ట లేదు, అందులో చుట్టండి. జరీ లోపలికి వచ్చేలా మడతపెట్టి, మడతల మధ్య చుట్టిన మెత్తటి గుడ్డ పెడితే గీత పడదు. ఏడాదికి నాలుగుసార్లు విప్పి, గాలికి పెట్టి, మడత చోటు మార్చండి, నేను ఉగాదికి, వినాయకచవితికి, దీపావళికి, సంక్రాంతికి చేస్తాను, పండగలైతే మర్చిపోను. మరీ సున్నితమైన చీరని మడతే పెట్టకుండా, నూలుబట్ట చుట్టిన గొట్టానికి చుట్టి పడుకోబెట్టడం మేలు. బరువైన చీరని హ్యాంగర్‌కి వేలాడదీస్తే దాని బరువుకి అదే సాగిపోతుంది.

పురుగులకి కలరా ఉండలు జరీకి తగిలేలా వేయొద్దు, మరకలు పడతాయి. ఎండిన వేపాకు, వసకొమ్ము, లవంగాలు చిన్న గుడ్డసంచీలో కట్టి అర మూలన పెట్టండి, చీరకి ఆనకూడదు. వాసన తగ్గగానే మార్చండి. నూలు చీరలకి గంజి ఉంటే దాచేముందు పూర్తిగా ఉతికేయండి, పురుగులకి అదే భోజనం.

చిన్న చిల్లు పడిందంటే ఆగకుండా రఫూ చేయించండి, చీర నుంచే తీసిన పోగులతో నింపే మనిషి దొరికితే ఎక్కడ చిరిగిందో మీకే కనపడదు. మడత పొడవునా పిగిలితే రఫూ నిలవదు, వెనకాల అదే రంగు సన్నటి నెట్ వేసి చేతికుట్టుతో పట్టించాలి, అలాంటి చీరని ఏడాదికి ఒక్కసారి, కూర్చుని లేచే పని తక్కువున్న రోజు కట్టుకోవచ్చు. కత్తెర వేయడం చివరి మాట. నాయనమ్మ చీరకి నేను అదే చేయాల్సివచ్చింది, ఒళ్లు మడత మడతకీ పిగిలి కట్టడానికి పనికిరాకుండా పోయింది, అంచు మాత్రం నిలిచింది. దాన్ని విప్పి కొత్త మంగళగిరి నూలు చీరకి వేయించాను, కొంగు ముక్కతో చెల్లి కూతురికి పరికిణీ కుట్టించాం, మొన్న సంక్రాంతికి ముగ్గుల దగ్గర అదే వేసుకుంది.