మౌన ప్రార్థన నేర్చుకుందాం, 5వ భాగం: వదిలెయ్యడం

పోయిన భాగంలో ఎలా కూర్చోవాలో, ప్రార్థనకు ఒక చిన్న మాట ఎలా ఎంచుకోవాలో చూశాం. ఇంకా ఎంచుకోకపోతే "యేసు" అనో "తండ్రీ" అనో పెట్టేసుకోండి, కానీ రోజుకొకటి మార్చకండి. ఈస్టర్ వారం కాబట్టి ఈసారి అసలు సంగతికే వద్దాం: అప్పగించుకోవడం.

గుడ్ ఫ్రైడే ఆరాధనలో చెప్పుకునే, యేసు సిలువ మీద పలికిన ఏడో మాట మనలో చాలామందికి కంఠతా వచ్చు. "తండ్రీ, నీ చేతికి నా ఆత్మను అప్పగించుకొనుచున్నాను." అది 31వ కీర్తనలోని మాటే, కతోలిక సన్యాసులు ఇప్పటికీ రోజూ పడుకునే ముందు ప్రార్థనలో చెప్పుకుంటారు. అంటే ప్రాణం పోయేటప్పటి కోసం దాచుకున్న మాట కాదు, రోజూ చేసే పని.

ఆ పనిని మామూలు విశ్వాసులకు నేర్పడానికి 1970లలో అమెరికాలో, మసాచుసెట్స్‌లోని స్పెన్సర్ మఠంలో మెనింజర్, పెన్నింగ్టన్, కీటింగ్ అనే ముగ్గురు ట్రాపిస్టు (మౌనానికి పెద్ద పీట వేసే కతోలిక సంఘం) సన్యాసులు ఒక తేలికైన పద్ధతి తయారుచేశారు. పూటకు 20 నిమిషాలు, రోజుకు రెండు పూటలు. కళ్లు మూసుకుంటారు, కాసేపటికే ఈఎంఐ గుర్తొస్తుంది, తర్వాత పొద్దున ఆడపడుచు అన్న మాట, దానికి మీరు ఇవ్వాల్సిన జవాబు, ఆ జవాబుకు ఆమె ఇంకేం అంటుందో అది కూడా. గమనించిన వెంటనే తోసెయ్యకండి, మిమ్మల్ని మీరు తిట్టుకోకండి, మీరు ఎంచుకున్న ప్రార్థన మాటను మనసులో మెల్లగా ఒక్కసారి అనుకోండి. అప్పగించుకోవడమంటే అంతే. ఇరవై నిమిషాల్లో పదివేల ఆలోచనలు వచ్చాయని ఒకామె బాధపడితే, దేవుని దగ్గరికి తిరిగి రావడానికి పదివేల అవకాశాలన్నమాట అని కీటింగ్ సంతోషించారట.

చెడ్డ ఆలోచనను వదలడం సులువే. మధ్యలో ఒక వచనానికి కొత్త అర్థం తడుతుంది, కళ్లు చెమరుస్తాయి, ఆదివారం సాక్ష్యంలో ఇది చెప్పాలి అనిపిస్తుంది చూడండి, అదీ వదలాలి, నన్నడిగితే అదే కష్టం. యోహాను సువార్త 20వ అధ్యాయంలో, తిరిగి లేచిన యేసును మగ్దలేనే మరియ ఆయన తనను పేరు పెట్టి పిలిస్తేనే గుర్తుపట్టింది, ఆ వెంటనే ఆయన అన్నది "నన్ను ముట్టుకొనవద్దు" అని, "నా సహోదరుల యొద్దకు వెళ్లి" చెప్పమని. ఆమె పట్టుకుని కూర్చోలేదు, వెళ్లింది.

ఒక జాగ్రత్త. కొట్టే భర్తనో, పీల్చి పిప్పి చేసే బాసునో భరించడానికి దీన్ని వాడకండి, ఎవరైనా అలా బోధించినా వినకండి. ఇక్కడ అప్పగించేది దేవునికి, మనుషులకు కాదు.

ఈ వారం అభ్యాసం: శనివారం తప్పకుండా కూర్చోండి. చర్చిలో పగలంతా నిశ్శబ్దం, ఇంట్లో కొత్త బట్టలూ బిర్యానీ హడావిడి, ఏ అనుభవమూ ఆశించకుండా కూర్చోవడానికి అంతకంటే మంచి రోజు దొరకదు. ఆదివారం తెల్లవారకముందే సమాధుల దగ్గర కొవ్వొత్తులు వెలిగించి వస్తారు కదా, ఇంటికొచ్చి టిఫిన్‌కు ముందు మళ్లీ 20 నిమిషాలు. టైమర్ మోగగానే లేచిపోకుండా పరలోక ప్రార్థన నెమ్మదిగా చెప్పుకోండి.

కొత్త జీవం వచ్చిందా అని ఆ ఇరవై నిమిషాల్లో వెతకొద్దు. ఆడపడుచు మళ్లీ ఏదో అన్నప్పుడు జవాబు నోటిదాకా వచ్చి ఒక్క క్షణం ఆగిందా, అది చూసుకోండి. పెంతెకొస్తు దాకా 50 రోజులు టైముంది, తొందరేం లేదు.

వచ్చే భాగంలో చాలామంది అడిగే సంగతి: కళ్లు మూయగానే నిద్రొస్తే ఏం చెయ్యాలి.