బ్రిటన్ వెళ్తున్నారా? రాజుగారి పేరుతో వచ్చే కాగితాల సంగతి

హైదరాబాదులో విమానం ఎక్కి బ్రిటన్‌లో దిగాక, ఉద్యోగమో చదువో మొదలుపెట్టేలోపే రాజుగారి పేరు ఎదురవుతుంది. జీతంలో పన్ను కోసే శాఖ పూర్తి పేరు హిజ్ మెజెస్టీస్ రెవెన్యూ అండ్ కస్టమ్స్. పెద్ద నేరాలు విచారించేది క్రౌన్ కోర్టు. అక్కడ వాదించే సీనియర్ లాయరు కింగ్స్ కౌన్సెల్. ఇవన్నీ చూసి కంగారు పడేవాళ్లు కొందరు, ప్రజావాణిలో అర్జీ ఇచ్చినట్టు వీసా ఆలస్యం గురించి నేరుగా ప్యాలెస్‌కి ఉత్తరం రాసేవాళ్లు ఇంకొందరు. రెండూ అనవసరమే. రాసినవారికి మర్యాదగా జవాబు రావచ్చు గానీ, పని జరగదు.

రాజు ఉత్సవ విగ్రహం, మూలవిరాట్టు పార్లమెంటు. మనకిది కొత్తేమీ కాదు. అసెంబ్లీలో గవర్నరు ‘నా ప్రభుత్వం’ అంటూ చదివే ప్రసంగాన్ని మంత్రివర్గం రాసి ఇచ్చినట్టే, లండన్‌లో కింగ్స్ స్పీచ్‌ని ప్రభుత్వమే రాసిస్తుంది. 1950 నుంచి 1956 దాకా హైదరాబాద్ రాష్ట్రానికి ఏడో నిజాం రాజప్రముఖ్‌గా, అంటే గవర్నరు లాంటి పదవిలో, ఉన్నప్పుడు కూడా పాలన నడిపింది మంత్రులే. తేడా ఒక్కచోట ఉంది. గవర్నర్ల దగ్గర బిల్లులు నెలల తరబడి ఆగడం మనం చూశాం. అక్కడ మాత్రం పార్లమెంటు ఆమోదించిన బిల్లుకు సంతకం నిరాకరించిన చివరి ఘటన 1708లో, ఆన్ రాణి కాలంలో జరిగింది. ప్రధాని సలహా ప్రకారం నడుచుకోవడమే రాజు పని. ఆ సలహాయే తప్పయితే? 2019లో ప్రధాని సలహాపై అప్పటి రాణి ఎలిజబెత్ పార్లమెంటును వాయిదా వేస్తే, అది చెల్లదని 11 మంది సుప్రీంకోర్టు జడ్జీలు ఏకగ్రీవంగా చెప్పారు. తప్పు పట్టింది సలహా ఇచ్చిన ప్రభుత్వాన్నే, రాణిని కాదు.

కాబట్టి వీసా దరఖాస్తు కదలకపోతే మీ ఎంపీని పట్టుకోండి. మొత్తం 650 నియోజకవర్గాలున్నాయి. పార్లమెంటు వెబ్‌సైట్‌లో మీ పోస్ట్‌కోడ్ కొడితే మీ ఎంపీ ఎవరో తెలుస్తుంది. మీరు పౌరులు కాకపోయినా ఫరవాలేదు, ఆ నియోజకవర్గంలో ఉంటే చాలు. ఈమెయిల్‌లో పోస్ట్‌కోడ్‌తో సహా పూర్తి అడ్రసు, పుట్టిన తేదీ, హోం ఆఫీస్ (వీసాలు చూసే శాఖ) రిఫరెన్స్ నంబరు, దరఖాస్తు పెట్టిన తేదీ, ఆలస్యం వల్ల ఏం నష్టమో రెండు మూడు వాక్యాల్లో రాయండి. అడ్రసు లేకపోతే మీరు తమ నియోజకవర్గం వారో కాదో తెలియక ఆఫీసు వాళ్లు ముందు అదే అడుగుతారు, ఈలోగా వారం పోతుంది. వీసా నిర్ణయాన్ని ఎంపీ మార్పించలేరు, ఫైలు ఎక్కడుందో కనుక్కోగలరు. ఎంపీ జనాన్ని కలిసే సమయాన్ని అక్కడ ‘సర్జరీ’ అంటారు. డాక్టరు క్లినిక్‌నీ సర్జరీ అనే అంటారు, అపాయింట్‌మెంట్ తీసుకునేటప్పుడు జాగ్రత్త.

చాలామందికి తెలియనిది ఓటు సంగతి. భారత పౌరులు కామన్‌వెల్త్ (ఎక్కువగా ఒకప్పటి బ్రిటిష్ పాలిత దేశాల కూటమి) పౌరుల కింద లెక్క. 1949 లండన్ ప్రకటన వల్లే రిపబ్లిక్ అయ్యాక కూడా మనం అందులో కొనసాగాం. అందుకే చెల్లుబాటయ్యే వీసాతో అక్కడ నివసిస్తున్న వయోజనులు, విద్యార్థులతో సహా, పార్లమెంటు ఎన్నికల్లోనూ ఓటేయొచ్చు. ఆన్‌లైన్‌లో నేషనల్ ఇన్సూరెన్స్ నంబరుతో (ఉద్యోగం, పన్ను లెక్కల కోసం అక్కడ ఇచ్చే నంబరు) నమోదు చేసుకోవాలి. ఎన్నికకు 12 పనిదినాల ముందే గడువు ముగుస్తుంది. పోలింగ్ ఉదయం 7 నుంచి రాత్రి 10 దాకా, గుర్తింపుకు ఇండియన్ పాస్‌పోర్టు పనికొస్తుంది. ‘ఓపెన్ రిజిస్టర్’లో పేరు వద్దని టిక్ పెట్టండి, ఆ జాబితాను ఎవరైనా కొనుక్కోవచ్చు. ఓటరు జాబితాలో పేరుంటే క్రెడిట్ స్కోరుకూ మేలు, ఫోన్ కాంట్రాక్టు దగ్గర అది తెలుస్తుంది.

జాబితాలో ఉన్నవాళ్లకు కొన్నేళ్ల తర్వాత ఇంకో కవరు రావచ్చు: జ్యూరీ సమన్లు, అంటే కోర్టులో నిందితుడు దోషా కాదా తేల్చే మామూలు జనం బృందంలో కూర్చోమని పిలుపు. 13 ఏళ్లు నిండాక కనీసం 5 ఏళ్లు అక్కడ ఉన్నవారిని పిలవొచ్చు, పౌరసత్వంతో పని లేదు. మీమీద కేసు పెట్టారని బెదిరిపోకండి. 7 రోజుల్లో జవాబివ్వాలి, వీలుకాకపోతే కారణం చెప్పి వాయిదా అడగొచ్చు. పట్టించుకోకపోతే 1,000 పౌండ్ల దాకా జరిమానా పడొచ్చు. కానీ పన్ను శాఖ నుంచంటూ ఫోన్ చేసి, ఇప్పుడే కట్టకపోతే అరెస్టు చేస్తామంటే అది మోసమే. ఫోన్ పెట్టేయండి.

డబ్బు విషయానికొస్తే, రాణి బొమ్మున్న ప్లాస్టిక్ నోట్లు, 2024 జూన్‌లో వచ్చిన రాజు బొమ్మ నోట్లు రెండూ చెల్లుతాయి. ఇంట్లో మామయ్య ఎప్పుడో తెచ్చి బీరువాలో దాచిన 20, 50 పౌండ్ల కాగితపు నోట్లు మాత్రం 2022 సెప్టెంబరు 30తో షాపుల్లో చెల్లడం ఆగిపోయాయి. పారేయకండి, బ్యాంక్ ఆఫ్ ఇంగ్లండ్ మార్చి ఇస్తుంది.

రాజు పేరు నిజంగా మీ నోట పలకాల్సింది పౌరసత్వం తీసుకునే రోజునే. అంతకుముందు లైఫ్ ఇన్ ద యూకే పరీక్ష ఉంటుంది: 45 నిమిషాలు, 24 ప్రశ్నలు, 18 సరిగ్గా రాయాలి. రాజు అధికారాల మీద కూడా ప్రశ్నలు వస్తాయి. దరఖాస్తు ఆమోదమయ్యాక ఆహ్వానం వచ్చిన 3 నెలల్లోపు సభకు హాజరై, రాజు చార్లెస్‌కూ ఆయన వారసులకూ విధేయుడిగా ఉంటానని చెప్పాలి. దేవుడి పేరు వద్దనుకుంటే ‘అఫర్మేషన్’ ఎంచుకోవచ్చు. రాజు పేరు మాత్రం రెండింటిలోనూ ఉంటుంది. భారత్ ద్వంద్వ పౌరసత్వాన్ని ఒప్పుకోదు కనుక ఆ రోజుతో మన పౌరసత్వం పోతుంది. తర్వాత ఇండియన్ పాస్‌పోర్టుతో ప్రయాణించకూడదు. దాన్ని అప్పగించి సరెండర్ సర్టిఫికెట్ తీసుకున్నాకే ఓసీఐకి (విదేశీ పౌరసత్వం తీసుకున్న భారతీయులకు మన ప్రభుత్వం ఇచ్చే కార్డు) దరఖాస్తు పెట్టండి. ఇంటి పెళ్లికి టికెట్లు ముందే కొనేసి, ఈ కాగితాలు చేతికి రాక ఆగిపోయేవాళ్లుంటారు. అందుకే టికెట్ల తేదీని సభ తేదీకి దగ్గర్లో పెట్టుకోవద్దు.