ఫోను ఒప్పందంలో అడగకుండా చేరే అదనపు ఖర్చుల వరుసలు: జర్మనీకి కొత్తగా వచ్చే మనవాళ్లకు

ఈ దసరాకు నేను నల్లగొండ వచ్చినప్పుడు హాలియా నుంచి మా చిన్నమ్మ వచ్చింది. "వాడు నెలనెలా పైసలు సరిపోతలేవంటుండు బిడ్డా, గాడ అంత పిరమా?" అని అడిగింది. ఆమె కొడుకు నేనుండే మాగ్డెబుర్గ్‌లోనే ఎమ్మెస్ చదువుతున్నాడు. ఆ రాత్రే ఫోను చేసి లెక్క అడిగితే అద్దె, తిండి, ఆరోగ్య బీమా అన్నీ సరిగ్గానే ఉన్నాయి. మొబైల్ ఫోనుకు మాత్రం నెలకు 44.96 యూరోలు పోతున్నాయి. దుకాణంలో అతనికి చెప్పిన ధర 24.99.

బిల్లు పంపమన్నాను. మొదటి పేజీలో మొత్తం ఒక్కటే ఉంది. రెండో పేజీలో చిన్న అక్షరాలతో నాలుగు వరుసలు ఉన్నాయి: అసలు ప్లాను 24.99, ఫోను బీమా 6.99, భద్రతా ప్యాకేజీ 2.99, సినిమాల చందా 9.99. "అన్నా, గవన్నీ నేను అడగలే. మొదటి నెల ఫ్రీ, వద్దనుకుంటే తీసేయొచ్చు అన్నదామె. సంతకం పెట్టుమంటే పెట్టిన" అన్నాడు. వద్దనుకున్న మూడు వరుసలు నెలకు 19.97 యూరోలు. ఒప్పందం 24 నెలలది కాబట్టి అలాగే వదిలేస్తే, ఫ్రీగా వచ్చిన మొదటి నెల పోను 459 యూరోలు దాటుతుంది. వీసా కోసం ముందే డబ్బు వేసి ఉంచే బ్లాక్డ్ అకౌంటు నుంచి నెలకు 992 యూరోలు మాత్రమే తీసుకోగల విద్యార్థికి అది దాదాపు సగం నెల బతుకు.

అతన్ని కోప్పడే హక్కు నాకు లేదు. 2018లో వచ్చినప్పుడు నేను కూడా అదే పని చేశాను. ఉచితంగా ఫోను వస్తుందని 24 నెలల ఒప్పందం మీద సంతకం చేశాను, బిల్లు జర్మన్‌లో ఉందని నాలుగు నెలలు తెరవలేదు, తెరిచాక కూడా ఆ భద్రతా ప్యాకేజీని ఎవరిని అడిగి తీసేయాలో తెలియక డబ్బు కడుతూ పోయాను. అప్పటి చట్టం ప్రకారం గడువుకు మూడు నెలల ముందే రద్దు ఉత్తరం పంపకపోతే ఒప్పందం ఇంకో ఏడాది పెరిగిపోయేది. నాది అలాగే పెరిగింది. మా నాన్న మిర్యాలగూడ మిల్లులో వడ్లు అమ్మి పంపిన డబ్బు అది. అందుకే బ్యాంకు ఖాతా, చిరునామా నమోదు, గది వెతకడం వంటివి సీనియర్లు ఎలాగూ చెబుతారు గనుక నేను వాటి జోలికి పోకుండా ఈ ఒక్క విషయమే రాస్తున్నాను.

చదువు రాని మా తాత కూడా ప్రామిసరీ నోటు మీద వేలిముద్ర వేసే ముందు ఊళ్లో చదువుకున్న వాళ్లెవరితోనైనా ఒకసారి చదివించుకునేవాడు. మా తమ్ముడు దుకాణంలో ట్యాబ్లెట్ మీద వేలితోనే సంతకం గీశాడు, కానీ చదివించుకోలేదు. ఇంజనీరింగ్ చదివిన మనం అలా చేయకూడదు. చేతిలో ఫోనుంది, కెమెరా పెడితే జర్మన్ అక్షరాలు ఇంగ్లీషులోకి మారతాయి, పది నిమిషాలు ఆగమని అడిగితే ఎవరూ కసిరికొట్టరు. 2021 డిసెంబర్ 1 నుంచి అమలులో ఉన్న టెలికాం చట్టం ప్రకారం, ఒప్పందానికి ముందే దాని సారాంశాన్ని మీ చేతికి ఇవ్వాలి. దాన్ని ఫెర్ట్రాగ్స్‌త్సుజామెన్‌ఫాసుంగ్ అంటారు. పేరు నోరు తిరగకపోయినా కాగితం మీద రాసుకుని చూపించండి. అందులో ధర, గడువు, రద్దు పద్ధతి ఉంటాయి. "ఓప్ట్సియోన్" అంటే అదనపు సేవ. ఆ మాట ఎక్కడ కనిపించినా, ఇది నాకు వద్దని సంతకానికి ముందే చెప్పండి. "గ్రాటిస్" అంటే ఉచితం. దాని పక్కన ఎన్ని నెలలని ఉందో, ఆ తరువాత ఎంత అని ఉందో చూడండి.

దుకాణంలోనే చూడమని ఇంతగా చెప్పడానికి కారణం ఉంది. ఇంటర్నెట్‌లోనో ఫోనులోనో చేసుకున్న ఒప్పందాన్ని 14 రోజుల్లోగా కారణం చెప్పకుండా వెనక్కి తీసుకోవచ్చు. దీన్ని వీడర్‌రూఫ్ అంటారు. దుకాణానికి వెళ్లి సంతకం చేసిన ఫోను ఒప్పందానికి చట్టం ఆ హక్కు ఇవ్వదు. మనవాళ్లు మాత్రం మనిషి ముఖం చూసి మాట్లాడితే భద్రమని దుకాణానికే పోతారు. బీమా సంగతి వేరు: నెలకు మించిన గడువు ఉన్న బీమా ఒప్పందాన్ని దుకాణంలో తీసుకున్నా సరే 14 రోజుల్లో వెనక్కి తీసుకోవచ్చు. ఇది తెలియక ఎంతమంది ఆ రెండు వారాలూ పోగొట్టుకున్నారో నేను కళ్లారా చూశాను.

ఇక్కడ అందరూ చేసే పొరపాటు మరొకటి ఉంది. ఈ వరుసలన్నీ ఒకే బిల్లులో వస్తున్నాయి కదా అని, ఒకరికి చెబితే అన్నీ ఆగిపోతాయనుకుంటారు. ఆగవు. భద్రతా ప్యాకేజీ వంటివి ఫోను కంపెనీ సొంత సేవలు; వాటిని కంపెనీ యాప్‌లోనో ఉత్తరం ద్వారానో ఆపాలి. బీమా చాలాసార్లు వేరే సంస్థది. దాని పాలసీ నంబరు వేరు, ఉత్తరం వెళ్లాల్సిన చిరునామా వేరు. మూడో రకం ఇంకా కనిపించకుండా వస్తుంది: మొబైల్ డేటాలో ఏదో పేజీ చూస్తూ ఒక బటన్ నొక్కితే, సంబంధం లేని సంస్థ పేరుతో వారానికి ఇంతని మీ ఫోను బిల్లులో పడుతుంది. మన దగ్గర అడగని కాలర్ ట్యూన్ పేరుతో బ్యాలెన్సు కోసుకుపోయినప్పుడు 155223కు సందేశం పంపి ఆపించుకున్నది గుర్తుందా, అదే జాతి. దీనికి ఇక్కడ డ్రిట్‌అన్‌బీటర్‌ష్పెర్రె అనే అడ్డుకట్ట ఉంది. అడిగితే కంపెనీ ఉచితంగా పెట్టి తీరాలి. సిమ్ చేతికొచ్చిన రోజే పెట్టించుకోండి, రేపని వాయిదా వేయకండి. అయితే అది బయటి సంస్థలను ఆపుతుందే గానీ కంపెనీ సొంత ఓప్ట్సియోన్‌లను ఆపదు.

మా తమ్ముడు చేసిన అసలు తప్పు సంతకం కాదు. రెండో నెల బిల్లు చూసి భయపడి, బ్యాంకు యాప్‌లో ఆ చెల్లింపును వెనక్కి తెప్పించుకుని, పని అయిపోయిందనుకున్నాడు. ఖాతా నుంచి కంపెనీ లాగేసుకున్న డబ్బును ఎనిమిది వారాల్లోగా వెనక్కి తెప్పించుకునే వీలు నిజంగానే ఉంది. కానీ అలా మొత్తం తెప్పించుకుంటే న్యాయంగా కట్టాల్సిన 24.99 కూడా బాకీ పడుతుంది. నేను తిరిగి వెళ్లి అతని గదిలో చూస్తే, వంటింటి అరలో మామిడికాయ పచ్చడి డబ్బా కింద కిటికీ ఉన్న తెల్ల కవర్లు నాలుగు ఉన్నాయి. రెండు విప్పనే లేదు. విప్పిన వాటిలో ఒకటి మానుంగ్, అంటే బాకీ హెచ్చరిక. ఇక్కడ కవరు విప్పకపోవడం కన్నా పెద్ద పొరపాటు లేదు. ఎన్నిసార్లు చెప్పాలో నాకు తెలియడం లేదు: ఉత్తరం వచ్చిన రోజే విప్పండి, అర్థం కాకపోతే పక్క గదిలో ఎవరికైనా చూపించండి, సిగ్గుపడకండి.

చేయాల్సింది ఇది. ఏ వరుస మీది కాదో దాని పేరు, మొత్తం రాసి, ఇది నేను ఒప్పుకోలేదని బిల్లు అందిన ఎనిమిది వారాల్లోగా కంపెనీకి లిఖితపూర్వకంగా అభ్యంతరం పంపండి. అసలు ప్లాను డబ్బు మాత్రం ఆపకుండా కట్టండి. రద్దు కోరే ఉత్తరాన్ని క్యుండిగుంగ్ అంటారు. ఫోనులో చెప్పి ఊరుకోకండి, ఫోనులో అన్న మాటకు రేపు సాక్ష్యం ఉండదు. ఆన్‌లైన్‌లో ఒప్పందాలు అమ్మే సంస్థల వెబ్‌సైటులో 2022 జూలై 1 నుంచి రద్దు బటన్ ఉండాలి. దాన్ని నొక్కాక వచ్చే ధ్రువీకరణ మెయిలును దాచుకోండి. ఉత్తరమే పంపితే పోస్టాఫీసులో ఐన్‌ష్రైబెన్‌గా, అంటే రిజిస్టర్డ్‌గా పంపి రసీదు ఉంచుకోండి. కంపెనీ మొండికేస్తే ప్రతి రాష్ట్రంలోనూ ఫెర్‌బ్రౌఖర్‌త్సెంట్రాలె అనే వినియోగదారుల కేంద్రం ఉంది, ఉత్తరాల నమూనాలు వాళ్ల వెబ్‌సైటులో దొరుకుతాయి. టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్స్‌అగెంటూర్ దగ్గర రుసుము లేకుండా రాజీ కుదిర్చే విభాగం కూడా ఉంది.

మొదటి ఆరు నెలలు అసలు ఒప్పందమే వద్దని, సూపర్‌మార్కెట్‌లో దొరికే ప్రీపెయిడ్ సిమ్ చాలని నా అభిప్రాయం. పాస్‌పోర్టు చూపించాలి, అంతే. అందులోనూ డబ్బు కోతపడవచ్చు గానీ వేసుకున్న బ్యాలెన్సును మించి పోదు.

ఇప్పటికే ఇరుక్కున్నవారు చాలామంది నాకు అర్ధరాత్రి ఫోను చేసి, షూఫాలో (ఎవరు బాకీలు సరిగ్గా కడతారో లెక్క ఉంచే సంస్థ) పేరు చెడిపోతుందా, ఇల్లు దొరకదా, చదువు ఆగిపోతుందా అని అడుగుతారు. ఇది నేరం కాదు, లెక్కల తగాదా. మీరు అభ్యంతరం చెప్పిన బాకీని షూఫాకు ఎక్కించకూడదు. చెప్పకపోయినా కనీసం రెండుసార్లు రాతపూర్వకంగా హెచ్చరించాకే ఎక్కించాలి. ఇప్పటి చట్టంలో మొదటి గడువు తీరిన ఫోను ఒప్పందాన్ని నెల రోజుల ముందు చెప్పి ఎప్పుడైనా ముగించవచ్చు. నాకు పడిన ఆ అదనపు ఏడాది మీకు పడదు.

మా తమ్ముడి బీమాకు 14 రోజులు దాటిపోయాయి కాబట్టి దాన్ని రాజీ మీదనే తీయించాల్సి వచ్చింది. మూడు ఉత్తరాలు, ఏడు వారాలు పట్టింది. ఒక నెల బీమా డబ్బు, హెచ్చరిక రుసుము పోయాయి. మొన్న వచ్చిన బిల్లును అతను చిన్నమ్మకు, నాకు కలిపి పంపాడు. రెండో పేజీలో ఒకటే వరుస ఉంది, 24.99.