క్రిస్మస్ చెట్టుకు మంచు పెట్టే ముందు

డిసెంబర్ వచ్చిందంటే నెల్లూరు ట్రంకు రోడ్డయినా, ఒంగోలు ట్రంకు రోడ్డయినా ఫ్యాన్సీ షాపుల ముందు స్టార్లు వేలాడుతుంటాయి. వాటి పక్కనే మంచు స్ప్రే డబ్బాలు. మనకు తెలిసిన మంచు తెల్లవారుజామున రోడ్డు కనపడకుండా కమ్మే పొగమంచే కాబట్టి, చెట్టు మీద తెల్లగా పేరుకున్న మంచంటే పిల్లలకు మహా సరదా. తప్పకుండా పెట్టుకోండి. కానీ డబ్బాలో ఏముందో తెలుసుకుని పెట్టుకోండి.

చాలా డబ్బాల్లో ఆ నురగను బయటికి తోసేవి ప్రొపేన్, బ్యూటేన్ వాయువులు. వంటింటి సిలిండర్‌లో ఉండేవీ అవే. గాలికన్నా బరువు కాబట్టి నేలబారున పరుచుకుని, తలుపులు మూసిన గదిలో అక్కడే ఉండిపోతాయి. వంటగ్యాసు లీకైతే తెలియాలని అందులో ఘాటు వాసన కలుపుతారు. స్ప్రేలో మామూలుగా అది ఉండదు, పైగా సెంటు వాసన వస్తుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కేకు మీద కొవ్వొత్తి వెలుగుతుండగా స్ప్రే కొట్టి మొహాలు కాల్చుకున్న వీడియోలు మీ ఫోన్‌కూ వచ్చే ఉంటాయి.

మన ఇళ్లలో నాకు అన్నిటికన్నా భయం దోమల బ్యాటు. చెట్టు పని మొదలయ్యేది సాయంత్రం, పిల్లలు బడి నుంచి వచ్చాక. నెల్లూరు దోమల సంగతి చెప్పక్కర్లేదు. కిటికీలు బిగించి, మూల దోమల చుట్ట వెలిగించి, హాల్లో స్ప్రే కొడుతుంటే పక్కనే ఒకరు బ్యాటు ఊపుతుంటారు. దోమ తగలగానే టప్పున మెరిసేది నిప్పురవ్వే. గదిలో గ్యాసు నిండి ఉంటే ఆ ఒక్క రవ్వ చాలు. స్ప్రే కొట్టేచోట దోమల చుట్ట, బ్యాటు, అగరొత్తి, కొవ్వొత్తి, సిగరెట్ ఏవీ వద్దు. వంటింటి పక్కన అసలే వద్దు.

మధ్యాహ్నం ఎండ ఉన్నప్పుడు మిద్దె మీదో వరండాలోనో చెట్టు పెట్టి, గాలి మీ వీపువైపు నుంచి వీచేలా నిలబడి, అడుగు దూరం నుంచి పలచగా కొట్టండి. ముక్కుకు మాస్కు, కళ్లకు అద్దాలు ఉండాలి. ఇక్కడ డిసెంబర్ అంటే ఈశాన్య రుతుపవనాల వానలు, చెమ్మగాలి. ఒక పూటలో ఆరుతుందని డబ్బా మీద రాసి ఉన్నా, ఇక్కడ రాత్రంతా పట్టవచ్చు. వేలితో నొక్కితే అంటుకోకుండా ఉన్నప్పుడే లోపలికి తెండి. ఉబ్బసం ఉన్నవాళ్లను, పసిపిల్లలను ఆ పూట దూరంగా ఉంచండి. ఆ తుంపర పీలిస్తే ఆయాసం ఎక్కువవుతుంది.

స్ప్రే మానేసి దూది పెడతామంటారు కొందరు. దూది ఎంత తొందరగా అంటుకుంటుందో దీపం వత్తి చేసేవాళ్లకు తెలుసు. థర్మోకోల్ పొడి కరిగి మండుతూ కారుతుంది, నల్లటి పొగ కమ్ముతుంది. పైగా పాకే పిల్లలు ఆ గుండ్లు ముక్కులో దూర్చుకుంటారు. మైదా చల్లితే చీమలు, బొద్దింకలు. ఉప్పు చెమ్మకు నీరు కారి లైట్ల వైర్లను పాడుచేస్తుంది. నా ఓటు సబ్బుకే. తెల్ల సబ్బును తురిమి, గోరువెచ్చని నీళ్లు కొద్దికొద్దిగా పోస్తూ బీటర్‌తో గిలకొడితే చిక్కటి నురగ వస్తుంది. చెంచాతో కొమ్మల చివర్ల మీద పెట్టి ఆరనివ్వండి. చేతులు కళ్లలో పెట్టుకోవద్దని మాత్రం పిల్లలకు చెప్పండి.

ఏ మంచైనా పూర్తిగా ఆరాకే సీరియల్ లైట్లు చుట్టాలి, బల్బుల మీద మంచు పడకూడదు. పాతకాలపు ఫిలమెంట్ బల్బులు వేడెక్కుతాయి, ఎల్‌ఈడీలే వాడండి. టేపు చుట్టిన అతుకులుంటే ఆ సెట్టు పక్కన పడేయండి.

మన తీరంలో చాలామంది సరుగుడు కొమ్మే తెచ్చి నిలబెడతారు. ఎండిన సరుగుడాకుతో పొయ్యి రాజేస్తామన్న సంగతి గుర్తుంచుకోండి. బకెట్లో తడి ఇసుకలో పాతి రోజూ నీళ్లు పోయండి. ఆకు ఎండి రాలుతుంటే పండగ మిగిలి ఉన్నా తీసేయండి.

కరెంటు పోయినప్పుడు ఇంకా జాగ్రత్త. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు కరెంటు లేక అవస్థపడ్డ ఊళ్లెన్నో. అలాంటి రాత్రి చెట్టున్న గదిలో కొవ్వొత్తి బదులు టార్చి వాడండి. 24న, 31న రాత్రి ఆరాధనకు ఇంటిల్లిపాదీ బయల్దేరే ముందు లైట్ల స్విచ్ ఆపడమే కాదు, ప్లగ్గు కూడా పీకేయండి.

చెట్టు అంటుకుంటే అందరినీ బయటికి పంపి, చేతికి అందితే మెయిన్ ఆపి 101కి ఫోన్ చేయండి. కరెంటు ఉండగా నీళ్లు చల్లవద్దు. కంట్లో స్ప్రే పడితే నలపకుండా పదిహేను నిమిషాలు పారే నీళ్లతో కడగాలి. మింగితే వాంతి చేయించకుండా, డబ్బా చేతిలో పట్టుకుని ఆసుపత్రికి వెళ్లండి.

పండగ అయ్యాక ఇదంతా అటకెక్కకపోతే నేరుగా భోగి మంటకే పోతుంది. ఖాళీ అనిపించే డబ్బాలో కూడా గ్యాసు మిగిలి ఉంటుంది, మంటలో పడితే పేలుతుంది. గుచ్చకుండా, కాల్చకుండా చెత్తబండి వాళ్లకు విడిగా చూపించి ఇవ్వండి. స్ప్రే కొట్టిన కొమ్మను, థర్మోకోల్‌ను కూడా భోగిలో వేయకండి.