వలస పక్షులు మీ కిటికీకి కొట్టుకోకుండా ఏం చెయ్యాలి

కెనడా ఉత్తరాన బోరియల్ అడవుల్లో, అంటే చలి ప్రాంతపు సూదిలాంటి ఆకుల చెట్ల అడవుల్లో, గూళ్లు పెట్టే చిన్న పక్షులు ఆకురాలు కాలంలో రాత్రిపూట దక్షిణానికి బయల్దేరతాయి. వాటిలో బ్లాక్‌పోల్ వార్బ్లర్ అనే పిట్ట బరువు దాదాపు 12 గ్రాములే, అయినా అట్లాంటిక్ మీద రెండు మూడు రోజులు ఆగకుండా ఎగురుతుంది. అలాంటిది అద్దంలో కనబడే చెట్టును నిజం చెట్టనుకుని కొట్టుకుని చచ్చిపోతే నాకు ప్రాణం ఉసూరుమంటుంది. 1970 నుంచి ఉత్తర అమెరికాలో దాదాపు 300 కోట్ల పక్షులు తగ్గిపోయాయని 2019లో శాస్త్రవేత్తలు లెక్క తేల్చారు. అడవుల నరికివేత, కార్చిచ్చులు, చమురు తవ్వకాలు నేనొక్కదాన్నీ ఆపలేను. కిటికీ సంగతి మాత్రం నా చేతిలోనే ఉంది.

ముందు పొద్దున్నే బయట నిలబడి చూడండి. ఏ అద్దంలో చెట్లూ ఆకాశమూ బాగా కనబడుతున్నాయో దానితో మొదలుపెట్టండి. అన్నీ ఒకేసారి చెయ్యాలని టెన్షన్ పడక్కర్లేదు.

డేగ బొమ్మ స్టిక్కర్ ఒకటి అంటించి ఊరుకుంటే లాభం లేదు, పక్షి దాని పక్కనున్న ఖాళీలోంచి దూరబోతుంది. అద్దమంతా చుక్కలుండాలి, చుక్కకీ చుక్కకీ మధ్య అడ్డంగా, నిలువుగా 5 సెంటీమీటర్లకు మించకూడదు. చుక్క కనీసం 6 మిల్లీమీటర్లు ఉండాలి. అన్నిటికంటే ముఖ్యం, బయటివైపే అంటించాలి. లోపల అంటిస్తే ప్రతిబింబం వాటిని కప్పేస్తుంది.

చుక్కల టేపు రెడీమేడ్‌గా దొరుకుతుంది. అద్దాన్ని శుభ్రంగా కడిగి, పూర్తిగా ఆరాక, పైనుంచి కిందికి అంటించండి. ప్రతి చుక్కనీ వేలితో గట్టిగా రుద్ది, ఆ తర్వాతే పైపొరను మెల్లగా లాగండి. తొందరపడితే చుక్కలు పొరతోపాటే ఊడొస్తాయి. చలి ముదిరితే జిగురు సరిగ్గా పట్టదు కాబట్టి ఆగస్టులోనే చేసేయండి. డబ్బు పెట్టలేకపోతే బయటివైపు సబ్బుముక్కతో దగ్గరదగ్గరగా గీతలు గీయండి. వాన పడితే మళ్లీ గీయాలి, అంతే.

రాత్రి అక్కర్లేని లైట్లు ఆర్పేయండి, రాత్రిపూట ఎగిరే పక్షుల్ని ఆ వెలుతురు అద్దాల వైపు లాగుతుంది. 2023 అక్టోబరు 5న చికాగోలోని మెక్‌కార్మిక్ ప్లేస్ అనే పెద్ద సమావేశ భవనం అద్దాలకు కొట్టుకుని దాదాపు వెయ్యి పక్షులు చనిపోయాయి. మరుసటి ఏడాది అక్కడ చుక్కల ఫిల్మ్ వేశాక చావులు బాగా తగ్గాయి.

ఇంత చేసినా ఏదైనా పక్షి పడిపోతే, గాలి ఆడేలా చిల్లులున్న అట్టపెట్టెలో మెత్తటి గుడ్డ పరిచి అందులో ఉంచి మూత పెట్టండి. నీళ్లు పట్టొద్దు, తిండి పెట్టొద్దు, మాటిమాటికీ తెరిచి చూడొద్దు. గంట తర్వాత పెట్టెను బయటికి తీసుకెళ్లి తెరవండి. అప్పటికీ ఎగరలేకపోతే పెట్టెతోనే దగ్గర్లోని వన్యప్రాణి సంరక్షణ కేంద్రానికి తీసుకెళ్లండి.