స్పోర్ట్స్ బైక్ దిగేశాక: పవర్ తగ్గకుండా, నడుం పట్టేయకుండా బండి ఎంచుకోవడం ఎలా?

గంటన్నర నడిపి, స్టాండ్ వేసి, హెల్మెట్ పట్టీ విప్పుదామంటే వేళ్లు తిమ్మిరెక్కి మాట వినడం లేదా? అయితే బండి మార్చే సమయం వచ్చినట్టే. నాకు ఆ పరిస్థితి 600 సీసీ స్పోర్ట్స్ బైక్‌ను పన్నెండేళ్లు నడిపాక వచ్చింది. అప్పుడు నేను తొందరపడ్డాను. సుఖం అంటే క్రూజరే అనుకుని, కాళ్లు ముందుకి చాపి కూర్చునే పెద్ద బండి ఒకటి కొనేశాను. మణికట్ల నొప్పి పోయింది, నడుం నొప్పి వచ్చింది. మలుపులో కాస్త వంచితే చాలు, ఫుట్‌పెగ్ (పాదం పెట్టుకునే కడ్డీ) రోడ్డుకి గీసుకునేది. ఎనిమిది నెలలకే అమ్మేశాను. ఆ తర్వాత నింపాదిగా, ఒక పద్ధతి ప్రకారం వెతికాను. ఆ పద్ధతే ఇది.

1. ముందు నొప్పి లెక్క రాయండి

షోరూమ్‌కి వెళ్లేముందు ఇప్పుడున్న బండి మీదే నాలుగైదు సార్లు వెళ్లిరండి. దిగిన ప్రతిసారీ మూడు విషయాలు రాసుకోండి: ఎక్కడ నొప్పి, ఎన్ని నిమిషాలకు మొదలైంది, అప్పుడు ఎంత స్పీడులో ఉన్నారు.

బండి మీద మన శరీరం మూడు చోట్ల ఆనుతుంది: హ్యాండిల్, సీటు, ఫుట్‌పెగ్‌లు. సుఖమైనా కష్టమైనా ఈ మూడింటి మధ్య దూరాల్లోనే ఉంది. స్పోర్ట్స్ బైక్‌లో హ్యాండిల్ కిందకి, ముందుకి ఉంటుంది, పెగ్‌లు పైకి, వెనక్కి ఉంటాయి. మణికట్టు నొప్పి అంటే హ్యాండిల్ మరీ కిందికి ఉందని. మెడ నొప్పి అంటే ఒళ్లు ముందుకి వాలి ఉండగా తల ఎత్తి చూడాల్సి వస్తోందని. మోకాళ్లు, తుంటి పట్టేస్తున్నాయంటే పెగ్‌లకీ సీటుకీ మధ్య దూరం మీ కాళ్లకి చాలడం లేదని.

స్పీడు ఎందుకు రాయమన్నానంటే, స్పోర్ట్స్ బైక్ మీద వేగంగా పోతున్నప్పుడు ఎదురుగాలి ఛాతీని కొంత మోస్తుంది, చేతుల మీద బరువు తగ్గుతుంది. ట్రాఫిక్‌లో నెమ్మదిగా పోతుంటే ఆ సాయం ఉండదు, బరువంతా అరచేతుల మీదే. కాబట్టి హైవే మీద హాయిగా ఉండి, ట్రాఫిక్‌లోనే నరకం కనిపిస్తుంటే మీకు కావాల్సింది ఒక రకం బండి. రెండు చోట్లా నొప్పే అయితే ఇంకో రకం.

ఒక్క మణికట్లే ఇబ్బంది పెడుతుంటే బండి మార్చే పనే ఉండకపోవచ్చు. హ్యాండిల్‌ను రెండు మూడు సెంటీమీటర్లు పైకి లేపే కిట్లు దొరుకుతాయి. కాకపోతే హ్యాండిల్‌ను చివరిదాకా రెండు వైపులా తిప్పి, బ్రేక్ గొట్టం, క్లచ్ కేబుల్ లాగేసినట్టు కావడం లేదని చూసుకోవాలి. ఇంకో సంగతి: చాలామంది ట్యాంకును మోకాళ్లతో పట్టుకోరు, బరువంతా చేతులకే అప్పగిస్తారు. ముందు అది సరిచేసుకుని చూడండి. బండి దిగిన చాలాసేపటికీ తిమ్మిరి పోకపోతే మాత్రం షోరూమ్ కన్నా ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లడం మంచిది.

2. మీరు పవర్ అంటున్నది దేన్నో తేల్చుకోండి

ఎక్కువమంది తప్పటడుగు వేసేది ఇక్కడే. బ్రోచర్‌లో పెద్ద అక్షరాలతో వేసే పీఎస్ (హార్స్‌పవర్ లాంటి కొలత) అంకె ఇంజిన్ గరిష్ఠ పవర్‌ది. అది ఒక్క ఆర్‌పీఎం (ఇంజిన్ నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గర మాత్రమే వస్తుంది. రోజూ ఆ ఆర్‌పీఎం దాకా మీరు వెళ్తున్నారా అన్నదే ప్రశ్న.

ఒకే కంపెనీ బండ్లు రెండు తీసుకుందాం. యమహా ఆర్6లో 599 సీసీ ఇంజిన్ 14,500 ఆర్‌పీఎం దగ్గర 118 పీఎస్ ఇస్తుంది. టార్క్, అంటే ఇంజిన్ తిప్పే బలం, సుమారు 62 న్యూటన్ మీటర్లు, అదీ 10,500 దగ్గర. అదే యమహా 2021లో తెచ్చిన ఎంటీ-09లో 890 సీసీ మూడు సిలిండర్ల ఇంజిన్ 119 పీఎస్ ఇస్తుంది, 10,000 ఆర్‌పీఎం దగ్గర. టార్క్ 93 న్యూటన్ మీటర్లు, 7,000 దగ్గరే. కాగితం మీద పవర్ దాదాపు సమానం. రోడ్డు మీద చూస్తే రెండూ వేరే లోకాలు. ఐదు వేల ఆర్‌పీఎంలో పోతూ లారీని దాటాలంటే మొదటిదానికి రెండు గేర్లు తగ్గించాలి. రెండోదానికి చెయ్యి తిప్పితే చాలు.

పవర్ అంటే టార్క్‌ను ఆర్‌పీఎంతో గుణిస్తే వచ్చేదే. చిన్న స్పోర్ట్స్ ఇంజిన్ ఆ అంకెను ఆర్‌పీఎం పెంచి తెచ్చుకుంటుంది, పెద్ద ఇంజిన్ టార్క్‌తో తెస్తుంది. అందుకే కొత్త బండి చూసేటప్పుడు పీఎస్ కన్నా ముందు గరిష్ఠ టార్క్ ఎంత, ఏ ఆర్‌పీఎంలో అన్నవి చూడండి. టార్క్ గ్రాఫ్ దొరికితే 3,000 నుంచి 7,000 మధ్య గీత ఎంత ఎత్తులో, ఎంత సమంగా ఉందో గమనించండి. పీఎస్ అంకె కాస్త తగ్గిందని బాధపడకండి. లీటర్ (వెయ్యి సీసీ) సూపర్‌బైక్‌లు ఫస్ట్ గేరులోనే వంద కిలోమీటర్ల వేగం దాటేస్తాయి. మిగతా గేర్లలో ఉన్న పవర్‌లో ఎంత వాడుతున్నారో మీకే తెలుసు.

3. ఏ జాతి బండో నిర్ణయించుకోండి

నేకెడ్. ఫెయిరింగ్ (గాలిని చీల్చే ముందు తొడుగు) తీసేసి, వెడల్పాటి హ్యాండిల్ పెట్టిన స్పోర్ట్స్ బైక్ అనుకోవచ్చు. కవాసకి జెడ్900, ఇప్పుడు చెప్పిన ఎంటీ-09, 1160 సీసీ ట్రయంఫ్ స్పీడ్ ట్రిపుల్ లాంటివి. ట్రాఫిక్‌లో నొప్పి ఉన్నవాళ్లకి ఇదే మందు. అలవాటైన చురుకుదనం పోదు. చిక్కల్లా గాలితో. గాలి నిరోధం వేగం వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అంటే వేగం రెట్టింపైతే గాలి తోపు నాలుగింతలు. నిటారుగా కూర్చుని వేగంగా పోతే మెడ, భుజాలు ఆ తోపును కాయాలి. హైవే మీద గంటలకొద్దీ పోయేవాళ్లు ఇది తీసుకుని తర్వాత తిట్టుకుంటారు.

స్పోర్ట్ టూరర్. ఫెయిరింగ్, స్క్రీన్ (గాలిని ఆపే ముందు అద్దం) ఉంటాయి, హ్యాండిల్ పైకి ఉంటుంది, పక్కన పెట్టెలు తగిలించుకోవచ్చు. కవాసకి నింజా 1000 ఎస్‌ఎక్స్, సుజుకి జీఎస్‌ఎక్స్-ఎస్1000జీటీ ఈ కోవలోవి. ఆ సుజుకి ఇంజిన్‌కు మూలం 2005 నాటి జీఎస్‌ఎక్స్-ఆర్1000 ఇంజినే. పేరులో స్పోర్ట్ ఉత్తినే పెట్టలేదు.

క్రాస్ఓవర్. చూడ్డానికి మట్టిదారుల్లోనూ పోయే అడ్వెంచర్ బండిలా ఎత్తుగా ఉంటుంది గానీ చక్రాలు 17 అంగుళాలవి, రోడ్డు టైర్లు. యమహా ట్రేసర్ 9, బీఎండబ్ల్యూ ఎస్ 1000 ఎక్స్‌ఆర్ ఇందుకు మంచి ఉదాహరణలు. ట్రేసర్‌లో ఉన్నది ఎంటీ-09 ఇంజినే. ఎక్స్‌ఆర్‌లోది బీఎండబ్ల్యూ స్పోర్ట్స్ బైక్‌ల కుటుంబం నుంచి వచ్చిన 999 సీసీ నాలుగు సిలిండర్ల ఇంజిన్. పెగ్‌లకీ సీటుకీ మధ్య చోటు బాగా ఉంటుంది, సస్పెన్షన్ కదలిక ఎక్కువ, వెనక కూర్చునేవాళ్లు కూడా సణగరు. నా మాటగా చెప్పాలంటే, స్పోర్ట్స్ బైక్ దిగినవాళ్లు మొదట ఎక్కి చూడాల్సింది ఇదే. రూపం నచ్చక పక్కకి తోసేసేవాళ్లు చాలామంది, నేనూ మొదట్లో వాళ్లలో ఒకణ్ణే.

పవర్ క్రూజర్. ట్రయంఫ్ రాకెట్ 3లో 2458 సీసీ ఇంజిన్, 220 న్యూటన్ మీటర్లకు పైనే టార్క్ ఉన్నాయి. లాగుడు గురించి అనుమానమే అక్కర్లేదు. అయితే కాళ్లు ముందుకి చాపి కూర్చున్నప్పుడు ఒంటి బరువంతా తోక ఎముక మీద పడుతుంది. గుంత వచ్చినప్పుడు పెగ్‌ల మీద లేచి నిలబడే వీలుండదు, దెబ్బ నేరుగా వెన్నుకి ఎక్కుతుంది. పెగ్‌లు నడిమధ్యలో ఉండే డుకాటీ డయావెల్ వీ4 లాంటివి ఈ విషయంలో మెరుగు.

ఇక సుజుకి హయబుసా. వేగానికి దానికి పేరుంది కాబట్టి దూరాలకు హాయి అనుకుంటారు. స్థిరంగా పోతుంది, గాలిని చక్కగా చీలుస్తుంది, నిజమే. కానీ 264 కిలోల బరువు, కిందికి ఉండే హ్యాండిల్. మీ నొప్పి మణికట్లలోనే అయితే అది పరిష్కారం కాదు.

4. ఎక్కి కూర్చోండి, కదలకుండా ఇరవై నిమిషాలు

షోరూమ్‌లో రెండు నిమిషాలు కూర్చుంటే అన్ని బండ్లూ బాగానే ఉంటాయి. సెంటర్ స్టాండ్ మీదున్నా, ఎవరైనా పట్టుకున్నా సరే, రెండు కాళ్లూ పెగ్‌ల మీద పెట్టి కూర్చోండి. కళ్లు మూసుకుని, చేతులు ఎక్కడికి హాయిగా చాస్తే అక్కడ ఉంచి కళ్లు తెరవండి. గ్రిప్‌లు అక్కడే ఉంటే ఆ బండి మీ కొలతకి దగ్గరగా ఉన్నట్టు. ఇప్పుడు హ్యాండిల్ వదిలేసి రెండు చేతులూ ఒక అంగుళం పైకెత్తండి. ముందుకి తూలిపోతే మీ బరువు ఇంకా చేతుల మీదే ఉంది. పూర్తిగా నిటారు కూడా వద్దు. నడుం కొద్దిగా ముందుకి వాలి ఉంటే గాలీ గుంతలూ రెండింటినీ తట్టుకోవచ్చు. మోకాలి మడత లంబకోణానికి తగ్గకుండా చూసుకోండి.

సీటు మెత్తగా ఉందని మురిసిపోవద్దు. మరీ మెత్తటి సీటు గంటకల్లా అణిగిపోయి, కింది గట్టి పలక తగులుతుంది. కాస్త గట్టిగా, వెడల్పుగా ఉన్నదే దూరాలకు మంచిది.

సీటు ఎత్తు అంకెను గుడ్డిగా నమ్మకండి. సన్నటి సీటు ఎత్తుగా ఉన్నా కాలు అందుతుంది, వెడల్పాటిది తక్కువ ఎత్తులో ఉన్నా అందకపోవచ్చు. ఇంజిన్ ఆపి, బండిని చేత్తో నెట్టి వెనక్కి పార్క్ చేసి చూడండి. బరువు అంకె చూసేటప్పుడు అది పెట్రోలుతో సహానో కాదో అడగండి. కొందరు పెట్రోలు లేని బరువే చెబుతారు.

5. టెస్ట్ రైడ్‌లో గాలినీ వణుకునూ పట్టుకోండి

గంటకి తక్కువైతే ఒప్పుకోకండి, ఇవ్వకపోతే అద్దెకైనా తీసుకోండి. మీ సొంత హెల్మెట్టే పెట్టుకోండి. స్క్రీన్ ఉన్న బండి మీద తల అదిరిపోతుంటే, పెగ్‌ల మీద కొంచెం లేచి తలను స్క్రీన్ పైగాలిలోకి తీసుకెళ్లండి. చప్పుడు మారి అదురు తగ్గిందా? స్క్రీన్ ఎత్తు మీకు సరిపోలేదన్నమాట. ఎత్తు తప్పిన స్క్రీన్ కన్నా అసలు లేకపోవడమే నయం. ఎత్తు మార్చుకునే స్క్రీన్ ఉన్న బండికి ఇక్కడ ఒక మార్కు ఎక్కువ వేయవచ్చు.

మీరు మామూలుగా పోయే వేగంలో టాప్ గేరులో కాసేపు అలాగే ఉంచండి. నాలుగు సిలిండర్ల ఇంజిన్‌లో సన్నటి జుమ్మనే వణుకు, రెండు సిలిండర్లలో దడదడ ఉంటాయి. ఏది మీ వేళ్లకి పడదో మీకే తెలియాలి. ఇంజిన్ వేడి తొడలకి తగులుతోందా అన్నది సిగ్నల్ దగ్గర ఆగినప్పుడే తెలుస్తుంది.

6. సస్పెన్షన్ సెట్ చేయకుండా తీర్పు ఇవ్వకండి

మీరు రైడింగ్ గేర్ వేసుకుని కూర్చున్నప్పుడు సస్పెన్షన్ మొత్తం కదలికలో సుమారు మూడో వంతు దిగాలి. దీన్నే శాగ్ అంటారు. అంతకన్నా ఎక్కువ దిగితే ప్రీలోడ్ (స్ప్రింగ్‌ను ముందే నొక్కి ఉంచే బిగువు) పెంచాలి, తక్కువైతే తగ్గించాలి. చాలా బండ్ల మీద "గట్టిగా ఉంది", "ఊగుతోంది" అనే ఫిర్యాదులు ఈ ఐదు నిమిషాల పనితో పోతాయి. ఎలక్ట్రానిక్స్‌లో నేను పట్టుబట్టేవి రెండే: వేగాన్ని తనే నిలబెట్టి కుడి మణికట్టుకి విశ్రాంతినిచ్చే క్రూజ్ కంట్రోల్, బండి వంగి ఉన్నప్పుడు కూడా పనిచేసే కార్నరింగ్ ఏబీఎస్.

7. మొదటి వెయ్యి కిలోమీటర్లు

వెడల్పు హ్యాండిల్‌కి లీవరేజ్ ఎక్కువ, కాబట్టి పాత బండిని నెట్టినంత గట్టిగా నెడితే ఇది ఉలిక్కిపడుతుంది. వేళ్లతో తోస్తే చాలు. సస్పెన్షన్ కదలిక ఎక్కువ ఉన్న బండి బ్రేక్ వేయగానే ముందుకి వంగుతుంది. బ్రేక్‌ను ఒక్కసారిగా కాకుండా క్రమంగా బిగించడం అలవాటైతే ఆ టెన్షన్ పోతుంది. బ్రేక్, క్లచ్ లివర్ల కోణం మీ ముంజేతికి సూటిగా ఉండేలా తిప్పి బిగించండి. కొత్త సీటు, కొత్త స్క్రీన్ లాంటివి ఈ వెయ్యి కిలోమీటర్లు అయ్యాకే ఆర్డర్ పెట్టండి. మొదటి వారంలో కొన్నవాటిలో సగం నా గదిలో డబ్బాల్లోనే ఉన్నాయి.

పాత బండిని మాత్రం ఇది కుదురుకునేదాకా అమ్మకండి. నా 600 ఇంకా ఇంట్లోనే ఉంది. నెలకోసారి పొద్దున్నే తీస్తాను. నలభై నిమిషాలు. అంతకు మించి మణికట్లు ఒప్పుకోవు.