విశాఖ చేతివృత్తులవారు, యువ కళాకారులు ప్రభుత్వ సాయానికి దరఖాస్తు చేసుకునే విధానం

విశాఖపట్నంలో రాయి చెక్కేవారు, వినాయక చవితికి విగ్రహాలు మలిచేవారు, వలలు అల్లేవారు, ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో లలితకళలు చదివి సొంతంగా స్టూడియో పెట్టుకోవాలనుకునేవారు అందరూ కళాకారులే. అయితే ప్రభుత్వ దరఖాస్తులో ఆ ఒక్క మాట రాస్తే సరిపోదు. చేతివృత్తి మీద బతికేవారికి పీఎం విశ్వకర్మ పథకం, చిన్న వ్యాపారంగా నడుపుకునేవారికి ఉద్యమ్ నమోదు, ఇంకా శిక్షణలో ఉన్నవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ ఉపకార వేతనం ఉన్నాయి. వీటి అర్హతలు వేరు, పరిశీలించే అధికారులూ వేరు. తనది ఏ కోవో ముందుగా తేల్చుకుని, ఆధార్ నుంచి బ్యాంకు పుస్తకం దాకా అన్ని కాగితాల్లోనూ అదే పేరు, అదే చిరునామా, అదే వృత్తి ఉండేలా సరిచూసుకున్న తర్వాతే ఫారం నింపడం మంచిది.

పీఎం విశ్వకర్మ: ఎవరికి, ఎలా

ఈ పథకం 2023 సెప్టెంబరు 17న, విశ్వకర్మ జయంతి నాడు ప్రారంభమైంది. 2023–24 నుంచి 2027–28 వరకు ఐదేళ్లకు 13,000 కోట్ల రూపాయలు కేటాయించారు. ఇందులో 18 వృత్తులకు చోటు ఉంది. ఉత్తరాంధ్రలో ఎక్కువగా కనిపించేవి చెప్పుకుంటే సంప్రదాయ బొమ్మల తయారీ, శిల్పం, కుమ్మరం, వడ్రంగం, కమ్మరం, నగల పని, పడవల తయారీ, చేపల వలల అల్లిక, బుట్టలు, చాపల అల్లిక, దర్జీ పని ఈ జాబితాలో ఉన్నాయి. చిత్రకారుల పేరు గానీ చేనేతవారి పేరు గానీ అందులో లేదు కనుక, బొమ్మలు గీసేవారు మరో వృత్తి పేరుతో ఇందులో చేరాలని ప్రయత్నించి కాలం వృథా చేసుకోకుండా, కింద చెప్పిన మిగతా మార్గాలు చూసుకోవడం మేలు.

దరఖాస్తుదారుకు నమోదు నాటికి 18 ఏళ్లు నిండి ఉండాలి. ఆ వృత్తిని సొంతంగా, చేతులతోనూ పనిముట్లతోనూ, అసంఘటిత రంగంలో చేస్తూ ఉండాలి. ఒక కుటుంబం నుంచి ఒక్కరికే అవకాశం ఉంటుంది. ఇక్కడ కుటుంబం అంటే భర్త, భార్య, పెళ్లికాని పిల్లలు. ప్రభుత్వ ఉద్యోగులు, వారి కుటుంబ సభ్యులు అనర్హులు. గత ఐదేళ్లలో పీఎంఈజీపీ, ముద్ర, పీఎం స్వనిధి వంటి ప్రభుత్వ రుణ పథకాల కింద స్వయం ఉపాధికి అప్పు తీసుకున్నవారికీ అర్హత లేదు. అయితే ముద్ర, స్వనిధి అప్పులను పూర్తిగా తీర్చేసినవారికి ఈ నిబంధన వర్తించదు. అలాంటివారు అప్పు తీరినట్లు బ్యాంకు ఇచ్చే పత్రాన్ని ముందే తెచ్చి దగ్గర ఉంచుకుంటే, రుణం అడిగినప్పుడు తిరగాల్సిన పని తగ్గుతుంది.

వృత్తి ఎంపిక దగ్గర తొందరపడకూడదు. మట్టి వినాయకుడిని చేసేవారు కుమ్మరి కిందకు రావచ్చు, శిల్పి కిందకూ రావచ్చు. ఏ గడిలో టిక్కు పెడతారో శిక్షణ ఆ వృత్తిలోనే ఇస్తారు, పనిముట్లూ దానికి తగ్గవే వస్తాయి. చక్రం తిప్పే అలవాటు లేనివారు కుమ్మరిగా నమోదైతే నైపుణ్య పరీక్షలోనూ ఇబ్బంది పడతారు, వచ్చే సామానూ అక్కరకు రాదు. ఏడాదిలో ఎక్కువ రోజులు చేత పట్టే పనిముట్టు ఏదో చూసి నిర్ణయించుకోవడమే సరైన పద్ధతి.

నమోదు కామన్ సర్వీస్ సెంటర్‌లో (ప్రభుత్వ ఆన్‌లైన్ సేవలు అందించే స్థానిక కేంద్రంలో) జరుగుతుంది, దరఖాస్తుదారు నుంచి రుసుము తీసుకోరు. 30 లక్షల కుటుంబాలకు మేలు చేసే లక్ష్యంతో మొదలైన పథకం కాబట్టి, బయల్దేరే ముందు కొత్త నమోదులు తీసుకుంటున్నారో లేదో ఆ కేంద్రంలో గానీ, 1800 267 7777 ఉచిత నంబరులో గానీ కనుక్కోవాలి. ఆధార్, ఆధార్‌కు జతచేసిన ఫోను, బ్యాంకు ఖాతా వివరాలు, రేషన్ కార్డు వెంట తీసుకెళ్లాలి. రేషన్ కార్డు లేకపోతే ఇంట్లో అందరి ఆధార్ కార్డులూ చూపించాలి. బ్యాంకు ఖాతా లేనివారు ముందుగా అది తెరుచుకుని రావాలి.

ఇక్కడ మన ప్రాంతానికే ప్రత్యేకమైన చిక్కు ఒకటి ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాల పునర్విభజన జరిగినప్పుడు ఏటికొప్పాక అనకాపల్లి జిల్లాలోకి, అరకు అల్లూరి సీతారామరాజు జిల్లాలోకి వెళ్లాయి. ఆధార్‌లో పాత చిరునామా మార్పించుకోనివారికి ఇంకా విశాఖపట్నం జిల్లా అనే ఉంటుంది. దరఖాస్తులో జిల్లా, మండలం, పంచాయతీ ఎంచుకునే చోట పని చేసే ఊరు ఇప్పుడు ఏ జిల్లాలో ఉందో దాన్నే ఎంచుకోవాలి, లేకుంటే కాగితం సంబంధం లేని పంచాయతీకో వార్డుకో వెళ్లి అక్కడే ఆగిపోతుంది. సచివాలయంలో ఆధార్ చిరునామా మార్పు గురించి అడిగి, నమోదుకు ముందే ఆ పని ముగించుకోవడం మంచిది.

నమోదు సమయంలో ఆధార్ ధ్రువీకరణకు వేలిముద్ర వేయాలి కాబట్టి, ఆ సంగతి కూడా చెప్పాలి. ఏళ్ల తరబడి ఉలి పట్టినవారికి, లక్క పూసే చోట వేడి చెక్కను వేళ్లతో అదిమేవారికి, తడి మట్టిలో పనిచేసేవారికి వేలికొనల గీతలు అరిగిపోతాయి. చేతిపనివారికోసం పెట్టిన పథకంలో చేతిపనే నమోదుకు అడ్డం కావడం విచిత్రమే అయినా, యంత్రం మీద వేలు ఎన్నిసార్లు పెట్టినా ఎర్ర గుర్తే వస్తున్న వారు నిరాశపడి వెనుదిరగనక్కర్లేదు. వేళ్లు శుభ్రంగా కడిగి, పొడిగా తుడుచుకుని, పది వేళ్లనూ ఒక్కొక్కటిగా ప్రయత్నించమని కోరాలి. కనుపాప స్కానర్ ఉన్న కేంద్రం దగ్గరలో ఉందేమో అడగాలి. అదీ కుదరకపోతే ఆధార్ కేంద్రంలో బయోమెట్రిక్ వివరాలు కొత్తగా ఇచ్చి, అవి నమోదయ్యాక మళ్లీ వెళ్లాలి.

నమోదైన దరఖాస్తును మూడు దశల్లో పరిశీలిస్తారు. మొదటి దశ పల్లెల్లో గ్రామ పంచాయతీ, నగరంలో జీవీఎంసీ (మహా విశాఖ నగరపాలక సంస్థ) స్థాయిలో జరుగుతుంది. రెండో దశలో జిల్లా అమలు కమిటీ, మూడో దశలో స్క్రీనింగ్ కమిటీ చూస్తాయి. ఇంటికి వచ్చి చూసే అధికారికి పని చేసే చోటు, వాడే పనిముట్లు, సగం తయారైన వస్తువులు చూపించగలిగితే అదే గట్టి రుజువు. అమ్మకపు రసీదులు, ప్రదర్శనల్లో పాల్గొన్న కాగితాలు ఉంటే ఒక ఫైలులో పెట్టి ఉంచాలి. ఆమోదం వచ్చాక విశ్వకర్మ ధ్రువపత్రం, గుర్తింపు కార్డు అందుతాయి.

తర్వాత 5 నుంచి 7 రోజుల ప్రాథమిక శిక్షణ ఉంటుంది. ఆసక్తి ఉన్నవారికి 15 రోజుల ఉన్నత శిక్షణ కూడా ఇస్తారు. రెండింటిలోనూ రోజుకు 500 రూపాయల భత్యం ఉంటుంది. పనిముట్ల కోసం 15,000 రూపాయల వరకు ఈ-వోచర్ ఇస్తారు. రుణం రెండు విడతల్లో వస్తుంది. మొదటి విడతలో లక్ష రూపాయల వరకు 18 నెలల గడువుకు, రెండో విడతలో 2 లక్షల వరకు 30 నెలల గడువుకు ఇస్తారు. తాకట్టు అడగరు. లబ్ధిదారు కట్టే వడ్డీ 5 శాతం. మిగిలిన 8 శాతం వరకు కేంద్రమే బ్యాంకుకు చెల్లిస్తుంది. మొదటి విడతను సక్రమంగా తీర్చి, డిజిటల్ చెల్లింపులు అలవాటు చేసుకున్నవారికి లేదా ఉన్నత శిక్షణ పొందినవారికి రెండో విడతకు అవకాశం ఉంటుంది. ఇంత తక్కువ వడ్డీకి వచ్చే అప్పును చవితి సీజనుకో, సంక్రాంతి ప్రదర్శనలకో కావలసిన ముడిసరుకు కొనడానికే వాడుకుంటే సరుకు అమ్ముడైన డబ్బుతోనే వాయిదాలు కట్టుకోవచ్చు.

ఉద్యమ్ నమోదు

ఉద్యమ్ అంటే సూక్ష్మ, చిన్న, మధ్యతరహా సంస్థలకు కేంద్రం ఇచ్చే నమోదు. చిత్రకారులకు, మ్యూరల్ (గోడ చిత్రాల) పనులు ఒప్పుకునేవారికి, చేతిపని వస్తువులు ఆన్‌లైన్‌లో అమ్మేవారికి ఇది తగిన మార్గం. 2020 జూలై 1 నుంచి అమల్లో ఉన్న ఈ నమోదుకు రుసుము లేదు, పత్రాలు ఎక్కించనక్కర్లేదు; ఆధార్, పాన్ ఆధారంగా దరఖాస్తుదారు ఇచ్చే స్వీయ ప్రకటన చాలు. ఉద్యమ్ పేరుతో డబ్బు వసూలు చేసే వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి కాబట్టి, ప్రభుత్వ పోర్టల్‌లోకే వెళ్లామా లేదా అన్నది జాగ్రత్తగా చూసుకోవాలి. కార్యకలాపాన్ని ఎంచుకునే చోట జాతీయ పారిశ్రామిక వర్గీకరణలో 90వ విభాగం సృజనాత్మక కళలకు, 324వ గ్రూపు ఆటలు, ఆటబొమ్మల తయారీకి చెందుతాయి. రెండూ చేసేవారు రెండూ చేర్చుకోవచ్చు, ఒక్క నమోదు చాలు. పాన్ లేని అతి చిన్న యూనిట్లకు ఉద్యమ్ అసిస్ట్ వేదిక ఉంది. విశ్వకర్మ లబ్ధిదారులనూ ఆ వేదికలోనే నమోదు చేస్తారు.

యువ కళాకారుల ఉపకార వేతనం

18 నుంచి 25 ఏళ్ల మధ్య ఉండి, గురువు దగ్గర గానీ సంస్థలో గానీ కనీసం ఐదేళ్లు నేర్చుకున్నవారికి కేంద్ర సాంస్కృతిక శాఖ నెలకు 5,000 రూపాయల చొప్పున రెండేళ్లు ఇస్తుంది. ఏటా 400 మంది వరకు ఎంపిక చేస్తారు. సంగీతం, నృత్యం, నాటకం, చిత్రలేఖనం, శిల్పం వంటి దృశ్యకళలు, జానపద కళలు ఇందులోకి వస్తాయి. తప్పెటగుళ్లు గానీ తోలుబొమ్మలాట గానీ ఇంట్లో పెద్దల దగ్గర నేర్చుకున్న యువకులు కాలేజీ పట్టా లేదని వెనకాడుతుంటారు. ఇక్కడ కావలసింది పట్టా కాదు, గురువు సంతకంతో ఐదేళ్ల శిక్షణను ధ్రువీకరించే పత్రం. ఆ పత్రంలో శిక్షణ మొదలైన సంవత్సరం, నేర్చుకున్న అంశాలు స్పష్టంగా రాయించుకోవాలి. ‘మంచి శిష్యుడు’ అని ఒక్క ముక్కతో సరిపెట్టిన లేఖ నిపుణుల కమిటీకి ఏమీ చెప్పదు.

ఈ పథకాన్ని ఢిల్లీలోని సీసీఆర్‌టీ (సాంస్కృతిక వనరులు, శిక్షణ కేంద్రం) నిర్వహిస్తుంది. నోటిఫికేషన్ వచ్చాకే దరఖాస్తు చేయాలి. పిలుపు వచ్చినవారు కమిటీ ముందు కళను ప్రదర్శించి, ప్రశ్నలకు జవాబు చెప్పాలి. దృశ్యకళలవారు తమ పనుల నమూనాలు వెంట తీసుకెళ్లాలి. డబ్బు ఆరు నెలలకొకసారి, నాలుగు విడతల్లో వస్తుంది. వయసు దాటినవారికి ఇదే శాఖ ఫెలోషిప్పులు ఉన్నాయి. 25 నుంచి 40 ఏళ్ల వారికి నెలకు 10,000, 40 దాటినవారికి 20,000 రూపాయలు రెండేళ్లపాటు ఇస్తారు. వీటికి మాత్రం పరిశోధన ప్రణాళిక రాసి ఇవ్వాలి.

ఏటికొప్పాక బొమ్మలు చేసేవారు

అంకుడు కర్రతో, లక్క రంగులతో చేసే ఈ బొమ్మలకు 2017లో భౌగోళిక గుర్తింపు (జీఐ), అంటే ఆ ప్రాంతపు ప్రత్యేక ఉత్పత్తి అన్న చట్టబద్ధ గుర్తింపు వచ్చింది. 2025 గణతంత్ర దినోత్సవ కవాతులో రాష్ట్ర శకటం కూడా వీటి మీదే సాగింది. గుర్తింపు ఊరికి వచ్చినంత మాత్రాన ఆ చిహ్నం వాడుకునే హక్కు ప్రతి కళాకారుడికీ దానంతటదే రాదు. చెన్నైలోని భౌగోళిక గుర్తింపుల రిజిస్ట్రీలో అధీకృత వినియోగదారుగా ఎవరికి వారు పేరు నమోదు చేయించుకోవాలి. తాను ఆ బొమ్మలనే, ఆ పద్ధతిలోనే తయారు చేస్తున్నట్లు వివరించే వాంగ్మూలాన్ని దరఖాస్తుతో జతచేయాలి. దీన్ని ఒక్కొక్కరు విడిగా చేసుకోవడం కంటే, ఊళ్లోని కళాకారులు కలిసి కూర్చుని అందరి ఫారాలనూ ఒకేసారి నింపి పంపితే, రిజిస్ట్రీ నుంచి వివరణ కోరుతూ లేఖ వచ్చినప్పుడు జవాబు రాయడం సులువవుతుంది.